ఐసు దొరకి రావలసిన లైను

దూరపు ఊళ్ళకి ఫోన్లు కలిపే ట్రంకు బోర్డు మీద కూర్చున్నవాళ్ళకి పేర్లుండవు. నేను వైజాగుని. అవతల మద్రాసు, దాని అవతల బొంబాయి. "ఏమ్మే వైజాగూ, టిఫినయిందా?" అని మద్రాసు రోజూ పొద్దున్నే అడిగేది. నెల్లూరు వైపావిడని మాటలో తెలిసిపోయేది. ఆవిడ మొహం ఇవాళ్టికీ నేను చూడలేదు. గొంతు మాత్రం కట్టుకున్నవాడి గొంతుకన్నా ఎక్కువ విన్నాను.

మా ఆఫీసు పోర్టు గేటుకి దగ్గర్లో ఒక పాత పెంకుటింట్లో ఉండేది. ముందు గదిలో బుకింగు కౌంటరు, మూలన ఒక కేబిను, అద్దాల తలుపుకి ఇవతల బోర్డు. ముఖ్యంగా ఓడలవాళ్ళ కోసం పెట్టింది. ఆదివారం పొద్దుటి డ్యూటీలో కౌంటరూ నేనే, బోర్డూ నేనే. స్టీలు ప్లాంటుకి శంకుస్థాపన రాయి వేసి ఏళ్ళు గడిచినా ఇంకా ఒక్క గోడా లేవని రోజులవి. ఎవరికి వారే నెంబరు తిప్పుకునే ఎస్టీడీ అనే మాట వినేవాళ్ళం గానీ, అది మా నోటి దగ్గర కూడు లాక్కుంటుందని అప్పటికి ఎవరూ అనుకోలేదు.

లైను బాగాలేనప్పుడు మేం ఒక పని చేసేవాళ్ళం. కేబినులో ఫోను పాతది. అందులో దూరపు గొంతు దోమ రొద పెట్టినట్టుండేది. మా హెడ్‌ఫోనులో కాస్త నయం. అందుకని అటు మాట విని ఇటు, ఇటు మాట విని అటు మేమే అందించేవాళ్ళం. అలా అందించేటప్పుడు "ఆయన అంటున్నాడు", "ఆవిడ అంటోంది" అని తోకలు తగిలించకూడదు. ఉండేది మూడు నిమిషాలు, తోకలకే సగం పోతుంది. వాళ్ళు "నేను" అంటే మనమూ "నేను" అనాలి. సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు. అలా నేను ఎంతమందికి మొగుణ్ణయ్యానో, ఎంతమందికి కోడలినయ్యానో! ఒకసారి ఒక లారీ ఓనరు తరఫున ఇంకో లారీ ఓనర్ని అమ్మా అబ్బా అని తిట్టాల్సి వచ్చింది. తిట్టాను కూడాను. ఉద్యోగం మరి.

ఐసు దొర నవంబరులో వచ్చాడు. అసలు పేరు నాకు తెలుసు, బుకింగు చీటీ మీద రాసింది నేనే కదా. ఇక్కడ చెప్పను. గోధుమలు తెచ్చిన అమెరికా ఓడకి చీఫ్ ఇంజనీరు. గోధుమలు దింపేశాక ఓడ షాఫ్టు, అంటే అడుగున ఫంకాని తిప్పే ఇనప కడ్డీ, విరిగిందట. కొత్తది వాళ్ళ దేశం నుంచే రావాలట. అందాకా ఓడని హార్బరులో ఒక మూలకి నెట్టేసి తాళ్ళతో కట్టేశారు. మనిషి భారీగా ఉండేవాడు. మన ఎండకి మెడంతా కందగడ్డ. అమెరికాలో కెనడా సరిహద్దు దగ్గరి ఒక ఊళ్ళో కాలేజీ హాస్టలుకి కాల్ కావాలన్నాడు. కొడుకు అక్కడ చదువుతున్నాడు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు.

"ఇవాళే వస్తుంది సార్," అన్నాను. అమెరికా లైను మద్రాసు మీంచి బొంబాయికి వెళ్ళి, బొంబాయి ఇస్తేనే కలుస్తుంది; అంతకన్నా మాటివ్వడం మా చేతుల్లో లేదు.

బెంచీ మీద కూర్చున్నాడు. ఎండెక్కాక లైను వచ్చింది. వచ్చిందన్నమాటే గానీ ఒకటే హోరు. నేనే అందుకున్నాను. అటునుంచి కుర్రాడు ఇంగ్లీషులో అన్నది కేబినుకి అందించాను: "మళ్ళీ ఓడిపోయాం నాన్నా. ఐదు నేనే వదిలేశాను." ఏం వదిలేశానో నాకే తెలీదు! అమెరికాలో ఐదంటే ఐదు రకాల పాపాలు కాబోలనుకున్నాను. కాల్ అయ్యాక ఉండబట్టలేక అడిగేశాను, మీ అబ్బాయి వదిలేసిన ఆ ఐదూ ఏమిటి సార్ అని.

ఆయన పగలబడి నవ్వాడు. మంచు మీద ఆడే హాకీ అట. అక్కడ కాలేజీలన్నీ నవంబరు నుంచి మార్చి దాకా ఒకదానితో ఒకటి పోటీ పడతాయట. ఈయన కొడుకు గోల్‌కీపరు, వదిలేసినవి ఐదు గోల్స్. నేను నమ్మలేదు. హాకీ అంటే మనది గదా, ఎండలో, గడ్డి మీద! ఆయన మా గోందు సీసా నల్ల మూత తీసి కౌంటరు బల్ల మీద పెట్టి, రూళ్ళకర్రతో ఒక్క తోపు తోశాడు. మూత జర్రున జారి నా రిజిస్టరుకి తగిలి ఆగింది. "నీ రిజిస్టరే నా కొడుకు," అన్నాడు.

ఆ ఆటలో నాకు తెగ నచ్చింది ఒకటుంది. ఎవడైనా తప్పు చేస్తే, అంటే కర్రతో కాలు లాగడమో, భుజంతో కుమ్మెయ్యడమో చేస్తే, వాణ్ణి పక్కన ఒక పెట్టెలాంటి గదిలో రెండు నిమిషాలు కూర్చోబెడతారట. రెండు నిమిషాలవగానే తలుపు తీసి ఆటలోకి రమ్మంటారు. ఇక ఎవరూ ఏమీ అనరు. "అంతేనా సార్?" అన్నాను. అంతే అన్నాడు. మా అత్తగారింట్లో అలాంటి పెట్టె ఒకటి పెడితే ఎంత బాగుండును అనిపించింది.

ఐసు మీద ఎలా నిలబడతారో చూద్దామని ఒకరోజు డ్యూటీ దిగి, చేపల పడవలు ఆగే జట్టీ దగ్గరి ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. పడవలకి ఎక్కించే ఐసు దిమ్మలు వరసగా జారుస్తున్నారు. చెప్పు విడిచి ఒక దిమ్మ మీద పాదం పెట్టాను. పెట్టీ పెట్టగానే తీసేశాను. దిమ్మలు మోసే మనిషి నవ్వాడు. "ఏటమ్మా, మంటెత్తిపోతందా?" అన్నాడు. అమెరికాలో ఊరి మైదానమంతా ఇలాగే ఐసు పోసి దాని మీద పరుగులు పెడతారట అని చెప్పాను. అతను ముక్కు మీద వేలేసుకున్నాడు. "ఓలమ్మో! అంతైసు పెట్టుకొని ఆటలాడతారా? మరి సేపలేటి సేత్తారు?"

ఆ మాట ఆదివారం దొరకి చెప్పాను. నవ్వాడు. ఐసు దొర అనే పేరు అప్పటికే మా వాళ్ళు పెట్టేశారు. ఆయన మా దగ్గర నేర్చుకున్న తెలుగు ఒక్క మాటే, "ఏటి?" నేనేం చెప్పినా తల పక్కకి వంచి "ఏటి?" అనేవాడు. మద్రాసు నన్ను పిలవడం విని ఆయన కూడా నన్ను మిస్ వైజాగ్ అనడం మొదలెట్టాడు. నాకు అప్పటికే ఇద్దరు పిల్లలు, ఆ పిలుపు విని ఆఫీసులో వాళ్ళు నన్ను ఏడిపించిన ఏడిపింపు ఇంతా అంతా కాదు.

నవంబరు, డిసెంబరు అంతా ఓటములే. వారానికి రెండు ఆటలు, రెండూ పోయేవి. లేకపోతే ఒకటి సమానం. "ఇవాళ నాలుగు వదిలేశాను" అని నేను చెప్పాలి. "పరవాలేదురా, మోకాలెలా ఉంది?" అనీ నేనే చెప్పాలి. తండ్రినీ నేనే, కొడుకునీ నేనే. ఇంటికెళ్ళి అన్నం కలుపుతున్నా ఆ మోకాలే గుర్తొచ్చేది.

ఒకరోజు లైను కోసం కూర్చుని ఆయనే చెప్పాడు. కొడుకు ఆ కాలేజీలో చేరి అది నాలుగో ఏడు, ఆఖరిది. ఒక్క ఆట కూడా ఈయన చూడలేదు. సముద్రం మీద ఉన్నానంటే సరే. రేవుల్లో ఉన్నప్పుడైనా ఫోను చేసేవాణ్ణి కాదు, అన్నాడు. తాగి పడుకున్న రోజులున్నాయట, బద్ధకించిన రోజులున్నాయట. తర్వాత మాట్లాడినప్పుడు మాత్రం "లైను దొరకలేదు" అనేవాడట. "రేవులో లైను దొరకలేదంటే ఎవడూ కాదనలేడు కదా," అని నేలచూపులు చూశాడు. ఈ ఊళ్ళో ఓడ ఇరుక్కోవడం దేవుడిచ్చిన అవకాశమనీ, ఈ ఒక్క సీజనూ ఒక్క ఆదివారం కూడా తప్పననీ అన్నాడు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

జనవరిలో ఒక తమాషా జరిగింది. మామూలుగా మా ఆదివారం పొద్దెక్కాక, అంటే వాళ్ళ శనివారం రాత్రి ఆట అయిపోయాక, లైను వచ్చేది. ఆ వారం ముందురోజే బుక్ చేసిన కాల్ తెల్లవారుజామునే కలిసింది. అక్కడ ఇంకా సాయంత్రం. కుర్రాడు సంచీ భుజాన వేసుకుని ఆటకి బయల్దేరుతున్నాడు. తండ్రి నాలుగు మాటలు చెప్పాడు. ఆ రాత్రి ఆ కుర్రాడు ఒక్క గోలూ వదల్లేదు! ఇక అప్పట్నుంచి "ఆటకి ముందే మాట్లాడు నాన్నా" అని పట్టు పట్టాడు. శకునాల పిచ్చి మనకే అనుకుంటాం గానీ, వాళ్ళకీ ఉంది.

అంతే, గెలవడం మొదలెట్టారు. ఆదివారం తెల్లవారకుండానే దొర వచ్చేవాడు, నేను మద్రాసు ప్రాణం తీసేదాన్ని, మద్రాసు బొంబాయి ప్రాణం తీసేది. "మన అబ్బాయి ఈ వారం ఎన్నొదిలాడే?" అని మద్రాసే అడిగేది. మన అబ్బాయంట! చూడని ఆట, చూడని ఊరు, చూడని కుర్రాడు. అయినా వాడు గెలిచిన ఆదివారం మా ఇంట్లో కూర రుచిగా ఉండేది.

మార్చి వచ్చింది. ఆ శనివారం ఆట గెలిస్తే కుర్రాడి జట్టు దేశం మొత్తమ్మీద జరిగే పెద్ద పోటీకి వెళ్తుంది. ఓడితే సీజను అయిపోయినట్టే, వాడి కాలేజీ ఆటా అయిపోయినట్టే. "వారం పొడుగునా నిద్ర పట్టడం లేదు నాన్నా, నువ్వు తప్పకుండా చెయ్యి" అని ముందు ఆదివారం అన్నాడు. నా నోటితోనే అన్నాడు. "చచ్చినా చేస్తాను" అని తండ్రి అన్నాడు. అదీ నా నోటితోనే.

ఆట ఉన్న ఆ ఆదివారానికి ముందు రాత్రి సబ్బవరం దాటాక ఎక్కడో మహానుభావులెవరో రాగి తీగలు కోసుకుపోయారు. నేను డ్యూటీ ఎక్కేసరికి మద్రాసుకి ఒక్క దారే మిగిలింది. దొర అప్పటికే కేబినులో ఉన్నాడు, కొత్త చొక్కా వేసుకుని. ఎవరు చూస్తారని కొత్త చొక్కా! "బొంబాయి ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఇస్తానంది, లైను వదలకే," అంది మద్రాసు. నేను పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు కౌంటరు దగ్గర ఒకావిడ లేచి నిలబడింది. రాత్రినుంచీ ఆ బెంచీ మీదే ఉందట. జట్టీ దగ్గర చేపలు పట్టే పల్లెకారుల మనిషి. చేతిలో నలిగిన కాగితం ముక్క, దాని మీద మద్రాసులో ఒక టీ కొట్టు నెంబరు.

"అమ్మా, మద్రాసు కలపాల. నా పెనిమిటి బోటు తప్పిపోయి వారం దాటీసినాది. ఇంజను సెడిపోయి కొట్టుకుపోయినారంట. మద్రాసు రేవులో కట్టీసినారని నిన్న తెలిసినాది. నలుగురే ఉన్నారంట, ఒకడు నేడంట. ఆ ఒక్కడూ ఎవుడో ఎవులూ సెప్పడం నేదు. తెల్లారితే ఆల్లు రైలెక్కీత్తారంట. ఆ తరవాత కొట్టుకాడ ఎవులుంటారమ్మా?"

ఆవిడ ఏడవలేదు. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. ఏడ్చినా బాగుండేది.

ఒకటే లైను. దొర కాల్ ముందురోజు పగలే అయిన బుకింగు. ఈవిడది మామూలు కాల్, వెనక బుకింగు. రూలు ప్రకారం నేను ఈవిణ్ణి కూర్చోమనాలి. అలా అనేవాళ్ళు మా ఆఫీసులో ఉన్నారు, వాళ్ళకి రాత్రి నిద్ర కూడా బాగానే పడుతుంది. లేదూ, రూలు గట్టున పెట్టి ఈవిడకి నేనే ఇచ్చేయాలి, వచ్చే మాట నా నెత్తిన వేసుకోవాలి. ఈ రెంటిలో ఏది చేసినా నేను చేసినట్టుండేది. నేను రెండూ చేయలేదు. కేబిను తలుపు తీసి దొరని అడిగాను.

"సార్, ఈవిడ భర్త బతికున్నాడో లేదో తెలీదు. ఈవిడకి లైనిస్తే మీ బొంబాయి వంతు పోవచ్చు. ఏం చెయ్యమంటారు?"

ఆవిడ ఆయన ఎదుటే నిలబడి ఉంది. అలా అడిగితే ఏ మనిషి వద్దంటాడు? ఎలాంటివాడు వద్దంటాడు? నేను అడగలేదు, ఆయన మెడ మీద కత్తి పెట్టాను. తప్పో ఒప్పో నేను తేల్చాల్సింది తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పడేశాను. ఇప్పటికీ ఎవరికి చెప్పినా "మంచి పనే చేశావు" అంటారు. ఆవిడకి లైనివ్వడం మంచి పనే. నేను కాదనడం లేదు. ఆయన్ని అడగడం మాత్రం మంచి పని కాదు.

ఆయన ఆవిణ్ణి చూశాడు, గోడ గడియారం చూశాడు. "ఇచ్చెయ్యి. మావాడికి ఇంకా బోలెడు ఆటలున్నాయి," అన్నాడు. లేవని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కేబినులోంచి బయటికొచ్చి తలుపు ఆవిడకి పట్టుకున్నాడు.

మద్రాసు వెంటనే కలిపింది. టీ కొట్టువాడు ఎవరినో కేకేశాడు. కాసేపు గిన్నెల చప్పుడు. తర్వాత ఒక మగగొంతు.

"ఎవులు? ఎవులు మాటాడతన్నారు?" అని అరిచింది ఈవిడ.

"నానేనే," అన్నాడతను.

"బతికినావా సచ్చినోడా!"

అక్కడ మొదలుపెట్టింది. "ఇంజను బాగు సేయించమని ఎన్నిమార్లు సెప్పినాను! నా మాట ఇన్నావా? నీ జిమ్మడిపోను! మీ అమ్మ కూడు ముట్టడం నేదు, నాను నీల్లు ముట్టడం నేదు, నువ్వు అక్కడ టీలు తాగతన్నావా? ఆ ఒక్కడూ ఎవుడ్రా?" ఆ ఒక్కడూ జ్వరమొచ్చి ఆసుపత్రిలో ఉన్నాడట, వాడూ బాగానే ఉన్నాడట. అది వినగానే ఇంకా గట్టిగా తిట్టింది. బతికినందుకు సంతోషమని ఒక్క ముక్క అనలేదు. అటు అతను "ఊ... ఊ..." అంటున్నాడు.

దొర అద్దంలోంచి ఆవిణ్ణే చూస్తున్నాడు. "ఏటి?" అన్నాడు నాతో.

"ఇంటికెందుకు రాలేదని తిడుతోంది సార్."

పెద్దగా నవ్వాడు. నవ్వి, చేతి రుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మూడు నిమిషాలయ్యాయి. నేను తుంచేయాలి. తుంచలేదు. మద్రాసు కూడా వింటోంది, అదీ తుంచలేదు. ఆ తిట్లు వినడానికి మా ఇద్దరికీ అంత హాయిగా ఉంది. దొర గుర్తులేడని కాదు, కాసేపు గుర్తు తెచ్చుకోలేదు.

ఆవిడ ఫోను పెట్టేశాక మద్రాసు అంది, "నీ బొంబాయి పిలిచి పిలిచి పోయిందే. మళ్ళీ ఎప్పుడిస్తుందో చెప్పదు." ఆ గంటంతా ఇద్దరం గోడకి తల బాదుకున్నట్టే. తెల్లగా తెల్లారిపోయింది. దొర గడియారం చూసి, "ఈపాటికి బూట్లు కట్టుకుంటూ ఉంటాడు," అన్నాడు. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. వెళ్ళి కేబినులో కూర్చున్నాడు, తలుపు వేసుకుని. ఆట సాగినంతసేపూ అక్కడే ఉన్నాడు. ఏ కబురూ లేకుండా, ఏ చప్పుడూ లేకుండా. మధ్యలో ఒకసారి "మూడింటిలో ఒక భాగం అయిపోయి ఉంటుంది" అన్నాడు. టీ తెప్పించి ఇచ్చాను, చల్లారిపోయింది. అంతా అయిపోయి ఉంటుందని లెక్కేసుకున్నాక లేచి, "వచ్చే ఆదివారం కలుద్దాం మిస్ వైజాగ్," అని టోపీ పెట్టుకున్నాడు. తిట్టి పోయినా నాకు అన్నం సహించేది.

ఆ వారంలోనే ఆవిడ మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చింది. వంజరం చేప తెచ్చింది, ఇంత పొడుగుది. "నువ్వు నేపోతే నాను సచ్చీదాన్నమ్మా," అంది. నేను కాదు, ఆ దొర ఇచ్చాడు తన లైను, అని చెప్పొచ్చు. చెప్పలేదు. మొహమాటపడ్డట్టు నవ్వి చేప తీసుకున్నాను. పులుసు పెడితే ఇంట్లో అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నా ముక్క నేను పిల్లాడి కంచంలో వేసేశాను.

తర్వాతి ఆదివారం దొర కాస్త ఆలస్యంగా వచ్చాడు. షాఫ్టు వచ్చి బిగించేశారట. ఆ మధ్యాహ్నమే ఓడ కదులుతోంది. ఇక మళ్ళీ రేవు ఎప్పుడో ఎక్కడో. ఆ ఆట ఏమైందో వారం రోజులుగా తెలీదు, కొడుకుతో నాలుగు మాటలు మాట్లాడి పోతానన్నాడు. లైను త్వరగానే వచ్చింది గానీ మళ్ళీ హోరే. నేనే అందుకున్నాను.

"ఓడిపోయాం నాన్నా. అదనపు సమయంలో. మూడు రెండు," అన్నాను.

"ఎలా ఆడావు?" అన్నాను.

"బాగానే. ఆఖరి గోలు కొట్టడం కనపడలేదు."

కేబినులో దొర రిసీవరు నోటికి దగ్గరగా లాక్కున్నాడు. "నీతో మాట్లాడదామని కూర్చున్నాను రా. లైను దొరకలేదు."

ఆవిడ సంగతి చెప్పలేదు. నా సంగతి చెప్పలేదు. ఆ మాట నేనే కొడుకుకి అందించాను. లైను దొరకలేదు, అని నా నోటితో నేనే అన్నాను.

అటునుంచి ఆ కుర్రాడు, "నీకెప్పుడూ దొరకదు కదా," అన్నాడు.

ఇది నేను తండ్రికి అందించాలి. అద్దంలోంచి దొర నా మొహమే చూస్తున్నాడు, కనుబొమలెత్తి, కొడుకు ఏమంటాడో అని. ఒక ముక్క, అంతే. అనేస్తే నా పని అయిపోయేది. అనడానికి నాకు నోరు రాలేదు. అన్నేళ్ళ సర్వీసులో మొట్టమొదటిసారి నేను కేబిను వైపు మీట మూసేసి, నా మాట నేను మాట్లాడాను.

"బాబూ, నేను ఆపరేటర్ని. మీ నాన్నగారు అబద్ధం చెప్పడం లేదు," అన్నాను.

"ఎవరు మీరు?" అన్నాడు.

వైజాగుని అన్నాను. అదే వచ్చింది నోట్లోకి. ఇంగ్లీషు తడబడిపోయింది. తీగలు కోసుకుపోయారని చెప్పాను, పల్లెకారుల ఆవిడ గురించి చెప్పాను, మీ నాన్నగారు తెల్లవారకముందే వచ్చారనీ, కొత్త చొక్కా వేసుకున్నారనీ, నేనే అడిగాననీ, ఆవిడ ఎదుటే అడిగాననీ, తప్పు నాదేననీ చెప్పాను. చెప్తున్న కొద్దీ గుండె తేలికపడుతోంది. అదీ నిజం. ఆ తేలికలో పడి ఆగలేకపోయాను. దొర అద్దం మీద వేళ్ళతో కొడుతున్నాడు. నేను చెయ్యి చూపించి ఆగమన్నాను. ఆయన మూడు నిమిషాలు నేను మాట్లాడేస్తున్నానని నాకు తట్టనే లేదు.

"నాన్నకి చెప్పండి..." అన్నాడు కుర్రాడు.

అక్కడ బొంబాయి అడ్డొచ్చింది. టైమైపోయిందంది. పొడిగించమని నేను అరిచేలోపే లైను పోయింది.

దొర కేబిను తలుపు తీశాడు. తల పక్కకి వంచి, "ఏటి?" అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ మాటలకి నా మాట కలిపాను సార్, మీ టైమంతా నేనే తినేశాను. మీ అబ్బాయి ‘నాన్నకి చెప్పండి’ అన్నాడు, ఏం చెప్పమన్నాడో వినపడలేదు. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. ఆయనకి కోపం వస్తుందని ఎదురుచూశాను, నిజానికి రావాలని కోరుకున్నాను. ఆయన కేబిను వైపు బొటనవేలు చూపించి, "రెండు నిమిషాలు లోపల కూర్చో. తర్వాత ఆటలోకి వచ్చెయ్యి," అని నవ్వాడు. ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

మళ్ళీ బుక్ చేశాడు. బెంచీ మీద కూర్చున్నాడు. మద్రాసుని బతిమాలాను, తిట్టాను, ఒట్టు పెట్టాను. ఓడ నుంచి మనిషి వచ్చి రెండుసార్లు పిలిచాడు. రెండోసారి లేచాడు. చీఫ్ ఇంజనీరు లేకుండా ఓడ కదలదు కదా. బుకింగు రద్దు చెయ్యమని ఆయన అనలేదు, నేనూ చెయ్యలేదు. కౌంటరు మీది గోందు సీసా మూత ఒకసారి వేలితో నెట్టి, వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఓడ కూత వినపడింది. మా కిటికీలోంచి డాల్ఫిన్ కొండ కొస కనిపిస్తుంది. దాని పక్కనుంచి ఓడ మెల్లగా బయటికి జారింది. నా డ్యూటీ దిగే వేళ దగ్గరపడింది. అప్పుడు వెలిగింది నా బోర్డు మీద దీపం.

"వైజాగూ, నీ అమెరికా! పార్టీని పిలువు," అంది మద్రాసు సంబరంగా.

ఆ సీజను మొత్తంలో అంత శుభ్రమైన లైను ఒక్కరోజు రాలేదు. పక్కింటి గోడ మీంచి మాట్లాడినట్టుంది. అక్కడ నడిరాత్రి దాటినా కుర్రాడు మేలుకునే ఉన్నాడు.

"నాన్నా?" అన్నాడు కుర్రాడు.

పార్టీ వెళ్ళిపోయారని చెప్పాను. బుక్ చేసిన మనిషి లేకపోతే మేం అలాగే చెప్పాలి.

"మీరు ఇందాక మాట్లాడిన ఆవిడేనా? నాన్నకి చెప్పారా?"

"మీ మాట పూర్తికాకుండానే లైను పోయింది బాబూ. ఏం చెప్పమన్నారు?"

అతని ఊపిరి కూడా వినిపిస్తోంది.

"ఈసారి నమ్మానని చెప్పండి," అన్నాడు.

నేను నోరు విప్పకపోతే ఆ కుర్రాడు నమ్మేవాడు కాదు. నేను అంతసేపు విప్పకపోతే ఆ మాట తండ్రి చెవిన పడేది. ఈ రెంటి మధ్యా ఇన్నేళ్ళూ తిరుగుతూనే ఉన్నాను. కొడుకే ఉత్తరం రాసి ఉంటాడు, ఎప్పుడో కలిసినప్పుడు చెప్పే ఉంటాడు, అని సర్దిచెప్పుకుంటాను. నాకూ మగపిల్లలున్నారు. అలాంటి మాటలు వాళ్ళు ఉత్తరాల్లో రాయరు, ఎదురుగా అసలే చెప్పరు. ఎవరో పరాయి మనిషి గొంతు మధ్యలో ఉంటేనే చెప్పగలరు.

సరే బాబూ చెప్తాను, అన్నాను. ఫోను పెట్టేశాడు. బోర్డు మీద దీపం ఆరిపోయింది.

మద్రాసు ఇంకా లైన్లోనే ఉంది. "విన్నాన్లే," అంది. "ఇప్పుడెవరికి చెప్తావే వైజాగూ?"

నేను ప్లగ్గు తీసేశాను.